పొగ చూసి మళ్ళిన బండ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి దగ్గరికి వెళ్ళడమంటే కలెక్టరుగారి గదిలోకి వెళ్ళినంత పని. గడప ఇవతలే ఆగి, స్నానమైందని చెప్పుకుని, లోపలి నుంచి పిలుపు వస్తేనే అడుగు పెట్టాలి. ఆ పొయ్యి మా నాయనమ్మది. కట్టె జరపాలన్నా, గిన్నె మీద మూత తియ్యాలన్నా ఆవిడ చెయ్యే పడాలి. మా అమ్మ కాపురానికి వచ్చి, నన్ను కని, నాకు బడి ఈడు వచ్చినా ఆ పొయ్యి ముందు ఇంకా కొత్తకోడలే. అలాంటి మనిషి ఒకసారి ఊరి బయట, రోడ్డు వారన, ఏ చుట్టరికమూ లేనివాళ్ళ పొయ్యిలు వరసబెట్టి వెలిగించుకుంటూ పోయింది. నేనెరిగినంతలో ఆవిడ చేసిన పెద్ద మంచిపని అదే, పెద్ద పొరపాటూ అదే. రెండూ ఒకే పని కావడం వల్లనే కాబోలు, నాకు మనవలు పుట్టినా ఆ సంగతి మరుపు రాలేదు.

మాది జగ్గయ్యపేట. బజారులో, ఇంటి ముందు గదిలోనే మాకు టోకు కొట్టుండేది. పూసలు, సూదులు, పిన్నీసులు, దువ్వెనలు, రిబ్బన్లు, కాటుక డబ్బాలు, ఆడవాళ్ళకి కావలసిన చిన్న చిన్న వస్తువులన్నీ డబ్బాల్లో, జాడీల్లో నిండి ఉండేవి. వాటిని కొనుక్కుని, గంపల్లో సర్దుకుని, ఊరూరా తిరిగి అమ్మే పూసలవాళ్ళే మా కొట్టుకి పెద్ద బేరం. వాళ్ళకి సొంత ఊరంటూ ఉండేది కాదు. ఎక్కడ నాలుగు రోజులు బేరం సాగితే అక్కడ దిగేవారు. మా వైపు తిరిగే గుంపు మాత్రం, నాకు ఊహ తెలిసేనాటికే, చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డు వారన ఉన్న ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకుని ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే ఉండేది. పిల్లలు అక్కడే పుట్టారు, ముసలివాళ్ళు అక్కడే పోయారు.

ఆ గుంపుకి పెద్ద పూసలవ్వ. మా నాయనమ్మ కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, సన్నగా, నిటారుగా ఉండేది. కొట్టుకి వచ్చిందంటే పూసను పళ్ళ మధ్య పెట్టి కొరికి చూసి, గాజుదో లక్కదో తేల్చాకే గంపలో వేసుకునేది. మా నాన్న, "అవ్వా, మా కొట్టులో లక్కపూస గాజుపూసని చెప్పి అమ్ముతామా?" అని అడిగితే, "నువ్వు అమ్మవు బాబూ, నీకు అమ్మినోడి సంగతి నాకు తెలవదుగా" అనేది. బేరమయ్యాక అరుగు మీద కూర్చునేది. మా నాయనమ్మ గడప లోపల కూర్చునేది. మధ్యలో గడప, దాని మీదుగా గంటల కొద్దీ కబుర్లు. నాయనమ్మ ఆవిడకి మజ్జిగ ఇచ్చేది గానీ, చెంబు తాకకుండా పైనుంచి పోసేది. ఆవిడ దోసిలి పట్టి తాగేది. అప్పట్లో అది తప్పని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆ స్నేహం అంతవరకే, ఆ గడప దాటలేదు.

ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తారని కబురు వచ్చింది. సున్నపురాయి లారీలు ఎక్కువై, ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి పొలంలోకి దిగాల్సి వస్తోంది కాబట్టి రోడ్డు పెద్దది కావాలని అందరూ కోరుకున్నదే. కోరుకున్నవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. ఒకరోజు ఎవరో వచ్చి తెల్లసున్నం కొట్టిన రాళ్ళు పాతి వెళ్ళారు. ఆ రాళ్ళు పూసలవాళ్ళ గుడిసెలకి అవతల పడ్డాయి. అంటే గుడిసెలన్నీ రోడ్డులోకి వచ్చేశాయన్న మాట.

అప్పటికి పెనుగంచిప్రోలు తిరునాళ్ళు దగ్గర పడ్డాయి. పూసలవాళ్ళకి ఏడాది గ్రాసం తిరునాళ్ళలోనే. పిల్లాజెల్లాతో ఒంటెద్దు బండ్లు కట్టుకుని గుంపంతా బయలుదేరి, అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, అయ్యాక గానీ వెనక్కి రారు. బయలుదేరే ముందు సరుకు కోసం వచ్చిన పూసలవ్వ ఆ రోజు అరుగు మీద ఎక్కువసేపు కూర్చోలేదు. "రాళ్ళు పాతిపోయారమ్మా. మా చోటు మీద ఓ కన్నేసి ఉంచు" అంది. నాయనమ్మ, "నువ్వు వెళ్ళిరా అవ్వా, నేను చూసుకుంటాలే" అంది. మనమందరం రోజుకి పదిసార్లు అనే మాటే. పక్కింటివాళ్ళు పాలగిన్నె చూడమంటే అంటాం, బస్సులో ఎవరైనా సంచీ చూడమంటే అంటాం.

వాళ్ళు వెళ్ళాక మా నాన్న ఒక సంగతి తెలుసుకుని వచ్చాడు. రోడ్డు కింద పోయే స్థలంలో కాపురం ఉంటున్నవాళ్ళకి ఊరి చివర గుట్ట పక్కన ఇళ్ళ స్థలాలు ఇస్తారట. అయితే కొలతల సారు వచ్చి కళ్ళారా చూడాలి. ఉత్త గుడిసె చూపిస్తే కుదరదు, పొయ్యి ఉండాలి. పొయ్యి ఉంటే కాపురం ఉన్నట్టు, లేకపోతే అది పశువుల పాకతో సమానం. ఆ సారు ఇంకో రెండు రోజుల్లోనే వస్తున్నాడట.

మా నాయనమ్మ మొహం అప్పుడు చూడాలి. పూసలవాళ్ళకి ఒక అలవాటు ఉందని మాకందరికీ తెలుసు. ఒక చోటి నుంచి బయలుదేరేటప్పుడు, మళ్ళీ వారానికే వచ్చేదైనా సరే, పొయ్యి రాళ్ళు మూడూ విప్పి, దూరందూరంగా దొర్లించి, బూడిద మీద మట్టి కప్పి మరీ పోతారు. గుడిసెల మీది చాపలు కూడా చుట్టి బండ్లలో వేసుకుంటారు. ఇక అక్కడ మిగిలేది నాలుగు గుంజలు, తడకలు. ఇప్పుడు ఆ సారు వచ్చి చూస్తే ఏం కనపడుతుంది? తరతరాలుగా తిరిగి తిరిగి, చివరికి కాలు నిలుపుకునే వీలు వస్తే, ఆ వచ్చిన రోజున వాళ్ళు ఊళ్ళో లేరు.

మా బాబాయి అప్పటికప్పుడు పెనుగంచిప్రోలు వెళ్ళాడు. ఆ జనంలో అందరినీ అడిగి, వాళ్ళు బండ్లు విప్పిన చోటు కనుక్కున్నాడు. కానీ వాళ్ళు అక్కడి నుంచి కదిలి ఏ ఊరు వెళ్ళారో ఎవరికీ తెలియలేదు. బాబాయి నాకు జీళ్ళ పొట్లం మాత్రం తెచ్చాడు. అది చూసి నాయనమ్మ, "నిన్ను పంపింది ఇందుకా?" అని విసుక్కుంది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు ఆవిడకి. తెల్లవారేసరికి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చేసింది.

జట్కాలో కట్టెలు, పిడకలు, నాలుగైదు పాత కుండలు వేయించింది. నన్నూ, పక్కింటి అక్కనూ ఎక్కించింది. మడిచీర కట్టుకుని, తానూ ఎక్కింది. మా నాన్న గుమ్మంలో నిలబడి, "అమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. "నలుగురూ మోస్తారు గానీ, ఏమీ అనుకోరులే" అంది ఆవిడ. ఆ ఎకసెక్కెం మా నాన్నకి నచ్చలేదు, జట్కావాడికి నచ్చింది.

చిల్లకల్లు చేరాక ఆవిడ కొంగు బిగించి రాళ్ళు వెతకడం మొదలుపెట్టింది. పొలాల గట్ల దాకా రాళ్ళకి కొదవలేదు గానీ, పొయ్యి రాళ్ళని పోల్చుకోవడం తేలికే. ఒకవైపు మసి పట్టి ఉంటుంది. మేం మసి రాళ్ళు ఏరి తెచ్చాం. ప్రతి గుడిసె ముందూ మూడేసి, మసి ఉన్న వైపు లోపలికి తిప్పి, ఆవిడే అమర్చింది. ఒక కుండలో పప్పు పడేసింది, ఒకదాంట్లో బియ్యం. మిగిలినవాటిలో ఉత్త నీళ్ళు. ఎండుపుల్లలు అంటుకోగానే రోడ్డు వారన వరసగా పొగలు లేచాయి. వెళ్ళే లారీల వాళ్ళు అదేం జాతరో అని తలలు బయటపెట్టి చూశారు. పక్కింటి అక్కకీ నాకూ నవ్వు ఆగలేదు. అంతకుముందు ఎప్పుడూ పొయ్యి ముట్టుకోనివ్వని నాయనమ్మ, ఒక పొయ్యిని నాకు అప్పగించి, "మంట తగ్గితే ఊదు" అంది. నాకు ఆ రోజు రాజ్యం దొరికినట్టయింది.

కొలతల సారు మధ్యాహ్నానికి వచ్చాడు. కుర్రాడే, మెడలో తువ్వాలు, కూడా కొలతగొలుసు పట్టుకునే మనిషి. మడిచీర కట్టుకుని గుడిసె ముందు కూర్చున్న ఆవిణ్ణి చూసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కొక్క కుండ దగ్గరికీ వెళ్ళి మూత తీసి చూశాడు. మూడో కుండలోనూ నీళ్ళే, నాలుగో కుండలోనూ నీళ్ళే.

"ఇవి ఉత్త నీళ్ళు కదండీ" అన్నాడు.

"నీళ్ళే బాబూ. ఇంతమందికీ వండితే తినేదెవరు?"

"మీరు ఇక్కడివాళ్ళలా లేరే."

"కాదు. మాది పేట, బజారులో కొట్టు. ఈ పొయ్యిలు పూసలవాళ్ళవి. వాళ్ళు తిరునాళ్ళకి పోయారు. మీకు చూపించడానికే వెలిగించా."

పక్కింటి అక్క నా చెయ్యి గిల్లింది. అంతా కుదిరిందనుకుంటుంటే ఈవిడ ఉన్నదున్నట్టు చెప్పేసిందే అని మా ఇద్దరికీ ప్రాణాలు పోయాయి. ఆ కుర్రాడు కూడా కళ్ళు పెద్దవి చేశాడు. అబద్ధమాడితే పట్టుకుందామని వచ్చినవాడికి నిజం చెబితే ఏం చెయ్యాలో తోచదు. నాయనమ్మ మాత్రం తొణకలేదు. "నేను ఇంటికి తాళం వేసి కాశీ పోతే, నా కాపురం లేదని రాసుకుంటారా? తాళం చూసి, ఊరెళ్ళిందనే రాస్తారుగా. వీళ్ళకి తలుపులు లేవు, తాళాలు లేవు. పొయ్యి విప్పి వెళ్ళడమే వీళ్ళ తాళం. ఇల్లు చూసుకొమ్మని నాకు అప్పజెప్పారు. మీరొస్తున్నారని నేను తాళం తీశా. అంతే."

ఆ మాట నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. ఆ కుర్రాడికీ నచ్చినట్టుంది, నవ్వేశాడు. పొయ్యిలన్నీ రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక మెలిక పెట్టాడు. "సోమవారం మళ్ళీ వస్తా మామ్మగారూ. అప్పటికి మనుషులుండాలి. పొయ్యి చూసి రాసుకోగలను గానీ, పొయ్యికి పట్టా ఇవ్వలేనుగా" అన్నాడు. న్యాయమైన మాటే. ఊళ్ళు తిరగడం ముగించుకుని ఈలోపే వాళ్ళు వచ్చేస్తారని మాకు ధీమా. అప్పటిదాకా ఆ సారు దారిన పోతూ ఎప్పుడైనా చూస్తాడేమోనని, రోజూ ఎవరో ఒకరం వెళ్ళి పొయ్యిలు రాజేసి వచ్చేవాళ్ళం. ఇంట్లో నాయనమ్మ తాళం మాట ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు. మా బాబాయి అయితే ఆవిణ్ణి ప్లీడరు గారూ అని పిలవడం మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున చిల్లకల్లు మలుపు దగ్గర టీ బంకు నడిపే ఆయన ఏదో కొనడానికి మా కొట్టుకి వచ్చాడు. మాటల్లో చెప్పాడు. పూసలవాళ్ళ బండ్లు నిన్న సాయంత్రం వచ్చాయట. మలుపు దగ్గర ఆగాయట. వాళ్ళ చోటి నుంచి పొగలు లేవడం చూసి, ముసలామె బండి దిగి కాసేపు నిలబడిందట. తర్వాత బండ్లన్నీ వెనక్కి తిప్పుకుని నందిగామ దారి పట్టారట. "అదేమిటవ్వా, ఇంటి దాకా వచ్చి పోతున్నారని నేనడిగితే, 'ఎవరో దిగారు బాబూ, పొయ్యిలు లేచాయి, ఇక అది మా చోటు కాదు' అందండి. నేను ఇంకో మాట అడిగే లోపే సాగిపోయారు. ఆ పొగలు మీవని తెలిస్తే ఎదురెళ్ళి ఆపేవాణ్ణండి" అన్నాడు.

గడప లోపల కూర్చున్న నాయనమ్మ ఆ మాట వింది. మా నాన్న ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది" అంది. ఆ రోజుల్లో నాకు నాయనమ్మ అంటే తప్పు చెయ్యని మనిషి. ఆవిడ కళ్ళలో భయం చూడటం అదే మొదటిసారి. మర్నాడు సోమవారం. వాళ్ళు లేకపోతే స్థలాలు పోతాయి. పోవడానికి కారణం రోడ్డు కాదు, ఆ సారు కాదు, ఆవిడ వెలిగించిన పొయ్యి.

బాబాయి, నాయనమ్మ, నేను నందిగామ బస్సెక్కాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, నేను జట్కాలో మొదటి నుంచీ ఉన్నదాన్ని కాబట్టి వదిలిపెడితే ఊరుకోనని తెలుసు. బాబాయి కుడివైపు కిటికీ లోంచి, నేను ఎడమవైపు కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాం. నాయనమ్మ ఎటూ చూడలేదు. సగం దారి దాటాక, రోడ్డు పక్క మామిడితోటలో విప్పిన బండ్లు నా కంటనే పడ్డాయి. బస్సు ఆపించి దిగాం.

పూసలవ్వ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. ఆశ్చర్యపోయింది గానీ కోపం లేదు. నాయనమ్మ ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పింది. పట్టాల సంగతి, సారు సంగతి, పొయ్యిలు తానే వెలిగించిన సంగతి. అంతా విని అవ్వ తల ఊపింది.

"నీ పొయ్యిలే అని తెలిసినా దిగమమ్మా. మేం విప్పిన చోట వేరే చెయ్యి పొయ్యి లేపితే ఆ చోటు వాళ్ళదే. మేం కొట్లాడం, అడగం. ముందుకి పోతాం. మా పెద్దల నుంచి అదే కట్టు. అలా లేకపోతే తిరిగే జనం రోజూ తలలు పగలగొట్టుకునేవాళ్ళు."

"మరి పొయ్యి విప్పి పోవడం... తాళం వేసినట్టు కాదా?"

"తాళమా?" అవ్వ నవ్వింది. "తాళమంటే ఇది నాదీ, ఎవరూ రావద్దనడం కదమ్మా. మేం విప్పేది ఎవరికైనా కావాలంటే దిగండని."

నేను బాబాయి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. ఊరంతా మెచ్చుకున్న ఆ తాళం మాట, ఆ సారుని కరిగించిన మాట, తలకిందుల మాట. నాయనమ్మ వాళ్ళ అలవాటుని తన ఇంట్లోంచి చూసింది. తాళం ఉన్న ఇంట్లోంచి చూస్తే ప్రపంచమంతా తాళాలే కనపడతాయి. ఏళ్ళ తరబడి గడపకి అటూ ఇటూ కూర్చుని అన్ని కబుర్లు చెప్పుకున్నారు గానీ, పొయ్యి ఎందుకు విప్పుతారవ్వా అని ఆవిడ ఒక్కసారి అడగలేదు.

"అడగాలని తోచలేదు అవ్వా" అంది నాయనమ్మ. ఇంకేమీ సర్దిచెప్పుకోలేదు. "ఇప్పుడు అడుగుతున్నా. మీరు మళ్ళీ అక్కడ దిగాలంటే నేనేం చెయ్యాలి?"

అవ్వ తమవాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. వచ్చి చెప్పింది. పొయ్యి ఎవరు లేపారో వాళ్ళే, తమ కళ్ళ ముందు, నీళ్ళు పోసి ఆర్పి, రాళ్ళు విప్పి దొర్లించాలి. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. వెనక్కి చూస్తే ఇంకా ఆశ ఉన్నట్టు లెక్క. అలా పోతే ఆ చోటు మళ్ళీ ఖాళీ అయినట్టు. అప్పుడు ఎవరైనా దిగొచ్చు, తామూ దిగొచ్చు. నాయనమ్మ సరేనంది. అయితే ఒక్క చిక్కు మిగిలింది. అవ్వ తమ్ముడు ఆ పొద్దున్నే మామిడితోటలో పొయ్యి లేపేశాడు. ఒకసారి లేపాక వచ్చిన దారిన పోవడం తన వల్ల కాదన్నాడు. నాయనమ్మ ఎంత బతిమాలినా కదల్లేదు. మిగిలినవాళ్ళు బండ్లు కట్టారు.

మేం బస్సులో ముందే చేరి ఎదురుచూశాం. ఎండ వాలుతుండగా మలుపు దగ్గర బండ్లు వచ్చి ఆగాయి. నాయనమ్మ ఒక్కొక్క పొయ్యి దగ్గరికీ వెళ్ళింది. బాబాయి సాయం వస్తానంటే వద్దంది. బిందెతో నీళ్ళు తానే మోసుకుంది. ముందురోజు పిడకల నిప్పు బూడిద కింద ఇంకా ఆరలేదు. నిప్పు మీద నీళ్ళు పడ్డప్పుడల్లా చుయ్యిమంటూ బూడిద పైకి లేచి మడిచీర నిండా పడింది. వేడి రాళ్ళు చేత్తో పట్టి దొర్లిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. నేను ఊదిన పొయ్యి దగ్గరికి వచ్చినప్పుడు, "నువ్వూ చెయ్యి వెయ్యి, నువ్వు రాజేసిందేగా" అంది. ఇద్దరం కలిసి విప్పాం.

తర్వాత నా చెయ్యి పట్టుకుని పేట వైపు నడక మొదలుపెట్టింది. "చూడకు" అంది, అంతే. నా జీవితంలో అంత కష్టమైన నడక ఇంకోటి లేదు. వీపంతా కళ్ళయినట్టుంది. వెనక మొదట ఏమీ వినపడలేదు. రాలేదేమో, మళ్ళీ మనసు మారిందేమో అనుకున్నాను. ఆవిడ చెయ్యి తడిగా ఉంది. అప్పుడు ఎద్దు మెడలో గంట వినపడింది. తర్వాత ఇరుసుల కిర్రుకిర్రు, కుక్క మొరుగు, పిల్లలు దూకి పరిగెత్తిన చప్పుడు. ఆ పైన రాయికి రాయి తగిలిన మోత. ఒకటి, ఇంకొకటి. నాయనమ్మ నడక ఆపలేదు, తల తిప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. కాసేపటికి గాలి మా వైపు తిరిగి, పచ్చికట్టె పొగ వాసన వచ్చింది. "హమ్మయ్య" అంది. అంత నిండుగా ఆ మాట మళ్ళీ ఎవరి నోటా వినలేదు నేను.

సోమవారం సారు వచ్చాడు. మనుషులున్నారు, పొయ్యిలున్నాయి, కుండల్లో నీళ్ళు కాకుండా అన్నమే ఉడుకుతోంది. అక్కడున్న కుటుంబాలన్నిటికీ గుట్ట పక్కన స్థలాలు వచ్చాయి. అవ్వ తమ్ముడికి మాత్రం రాలేదు. నాయనమ్మ బతికి ఉన్నంతకాలం అవ్వ వస్తే మొదట అతని సంగతే అడిగేది. చాలా ఏళ్ళకి అతని కొడుకు నందిగామలో చిన్న కొట్టు పెట్టుకున్నాడని విని, ఆ రోజు ఇంట్లో పాయసం వండింది. కొత్త స్థలంలో గుడిసెలు లేచాక అవ్వ మా ఇంటికి వచ్చింది. మా పొయ్యి నీ చేత్తో వెలిగించాలమ్మా అని నాయనమ్మని పిలిచింది. నాయనమ్మ వెంటనే లేవలేదు. "మీ కట్టు ఒప్పుకుంటుందా అవ్వా?" అని అడిగింది.

"పిలిచి వెలిగించమంటే తప్పు లేదమ్మా. పిలవకుండా వెలిగిస్తేనే" అంది అవ్వ.

నేనూ వెళ్ళాను. నాయనమ్మ పొయ్యి వెలిగించింది, పాలు పొంగే దాకా కూర్చుంది. అవ్వ గ్లాసులో పోసి ఇచ్చిన పాలు చేత్తో అందుకుని, నా వైపు ఒక్క చూపు చూసి, తాగింది. ఇంటికి వచ్చాక మా అమ్మకి చెప్పొద్దని కళ్ళెర్రజేసింది. నేను ఆ రాత్రే చెప్పేశాను. ఆ తర్వాత అవ్వ అరుగు మీద కూర్చున్నప్పుడు మజ్జిగ చెంబే చేతికి వచ్చేది. మా అమ్మకి మాత్రం మా ఇంటి పొయ్యి ఇంకా కొన్నేళ్ళు దక్కలేదు. అన్నీ ఒకేసారి మారవు.

ఇప్పుడు నేను నందిగామలో ఉంటున్నాను. ఆ రోడ్డు తర్వాత మరీ పెద్దదైంది, ఇంకా పెద్దది చేస్తామంటున్నారు. ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు మూటలు సర్దుకుంటూనే ఉంటారు. వాళ్ళ తరఫున మాట్లాడే మంచివాళ్ళు కూడా చాలామందే కనిపిస్తారు. వాళ్ళకేం కావాలో వాళ్ళకంటే గట్టిగా చెప్పేవాళ్ళు. అలాంటివాళ్ళని చూస్తే నాకు బూడిద పడిన మడిచీర గుర్తొస్తుంది, కోపం రాదు. మంచి మనసు ఉన్నవాళ్ళే ఆ పొరపాటు చేస్తారు, లేనివాళ్ళు పొయ్యే వెలిగించరు. నాకు ఆ రోజు నుంచి రెండు పద్ధతులు మిగిలాయి. ఎవరికైనా ఏదైనా చెయ్యాలనిపిస్తే, చెయ్యి చాచే ముందు అడుగుతాను. కోడలి వంటింట్లో గరిట ముట్టుకోవాలన్నా అడుగుతాను, ఆ పిల్ల నవ్వుతుంది. ఇక రెండోది, చేసి వచ్చాక వెనక్కి తిరిగి చూడకూడదనేది. మొదటిది అలవాటైపోయింది. రెండోది నిజం చెప్పాలంటే ఇప్పటికీ సరిగ్గా రాలేదు. మెడ తిరగబోతుంది. అప్పుడు నా చేతిని ఒక తడి చెయ్యి గట్టిగా పట్టుకున్నట్టుంటుంది. నేను నడుస్తాను.